‘ఎవరితోనూ కలవదు’ అని రాసి ఉన్న ఒక ఫైలు: వృద్ధాశ్రమంలో తోడు కుదిరిన కేస్ స్టడీ

ఆమెను ఇక్కడ పిన్నిగారు అందాం. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాం. వయసు 76. గోదావరి వైపు వ్యవసాయ కుటుంబం, ఐదో తరగతి దాకా చదువు. భర్త పోయి మూడేళ్లయింది. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో ఉంటారు. హైదరాబాద్ శివారులో 38 మంది ఉండే వృద్ధాశ్రమంలో జులై చివర్లో చేరారు. బీపీ ఉంది, సాయంత్రమయ్యేసరికి పాదాలు వాస్తాయి. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, అద్దాలతో చదవగలరు. ఎడమ చెవి దాదాపు పనిచేయదు, కుడి చెవికి మిషను ఉంది. చేరిన రోజు ఫారంలో ‘వినికిడి’ అన్న గడిలో ‘తక్కువ’ అని ఒక్క మాట రాసి వదిలేశారు. తర్వాత నాలుగు నెలలు పడిన తిప్పలకు సగం కారణం ఆ ఒక్క మాటే.

నవంబరు మధ్యకల్లా ఫైల్లో వారం వారం ఒకే వాక్యం: ‘ఎవరితోనూ కలవదు, గదిలోనే ఉంటుంది.’ రాత్రి భోజనానికి రావడం మానేశారు. చేరినప్పుడు 52 కిలోలున్న బరువు అక్టోబరు చివరికి 48.5, డిసెంబరు మొదటికి 48. పెద్దవాళ్లలో నెలకు 5 శాతం, లేదా ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే కారణం వెతికి తీరాలి. ఇక్కడ నాలుగు నెలల్లోనే 8 శాతం దగ్గరికి వచ్చింది. డాక్టరు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగరు చూశారు. ఇంత బరువు తగ్గడానికి కారణం అనదగ్గది ఏదీ వాటిలో కనబడలేదు.

మంచికని చేసి చెడగొట్టినవి

శ్రావణమాసంలో హాల్లో వరలక్ష్మీ వ్రతం చేశారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, తాంబూలం పెట్టుకుని ఒక ఆయా వరసగా అందరికీ ఇస్తూ వచ్చింది. పిన్నిగారి దాకా వచ్చి చెయ్యి ఆపింది, ఒక్క క్షణం తటపటాయించి పక్కావిడ దగ్గరికి వెళ్లింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆవిడ లేచి గదికి వెళ్లిపోయారు. ఆశ్రమాల్లో ఉండే ఆడవాళ్లలో భర్త పోయినవాళ్లే ఎక్కువ. వాళ్లను పక్కన నిలబెట్టే వేడుక వాళ్ల ఇంట్లోనే జరిగితే ఎలా ఉంటుందో ఆలోచించాలి. ఇప్పుడక్కడ పూజ ఎవరిదైనా ప్రసాదం, పండు, పువ్వు ఒకే కాగితం సంచిలో పెట్టి అందరికీ ఒకేలా చేతికిస్తారు. బొట్టు పెట్టుకునేవారు పళ్లెం దగ్గరికి వచ్చి తామే పెట్టుకుంటారు. ఈ మార్పుకు పైసా ఖర్చు లేదు.

సెప్టెంబరులో సాయంత్రం భజనకు కూర్చోబెట్టారు. పది నిమిషాలకే లేచిపోయారు. ‘ఆసక్తి లేదు’ అని నోట్సులో రాశారు. నిజానికి అక్కడ ఉన్న అడ్డంకులు రెండు. హాల్లో గచ్చు నేల, రేకు కప్పు, ఆరు ఫ్యాన్లు, పైన మైకు. వినికిడి తగ్గినవాళ్లకు అలాంటి చోట మాట మాటగా వినపడదు, రొదగానే వినపడుతుంది. రెండోది, కాళ్ల వాపుకు ఇచ్చే నీటి మాత్ర (మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేది) మధ్యాహ్నం మూడింటికి వేస్తున్నారు. ఐదింటికి భజన. బాత్‌రూము వరండా అవతలి కొసలో ఉంది. అంతమందిలో మాటిమాటికీ లేవాల్సి వస్తుందని ఆవిడకు సిగ్గు. ఈ సంగతి నర్సుకు చెప్పలేదు, డాక్టరుకు చెప్పలేదు. పక్క దుప్పట్లు మార్చే ఆయాకు చెప్పారు. ఆ ఆయాను అడిగినవాళ్లే లేరు. డాక్టరుతో మాట్లాడి మాత్రను ఉదయం ఎనిమిదింటికి మార్చారు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 సెక్షన్ 19లో వృద్ధాశ్రమాల సేవల గురించి చెబుతూ వైద్యంతో పాటు వినోద సాధనాలనూ ప్రస్తావించింది. చాలాచోట్ల హాల్లో ఒక టీవీ పెట్టడంతో ఆ మాట చెల్లిపోయిందనుకుంటారు. టీవీ ముందు పదిమంది కూర్చున్నంత మాత్రాన ఒకరికొకరు తోడున్నట్టు కాదు. వాళ్లు మాట్లాడుకుంటున్నారో లేదో చూడాలి.

మూడు రోజుల చార్టు

డిసెంబరు మొదటి వారంలో ఒక చార్టు గీశారు. ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా అరగంటకోసారి మూడు విషయాలు రాయాలి: ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, ఎవరైనా మాట్లాడుతున్నారా. రోజుకు 29 సార్లు, మూడు రోజులకు 87. ఒక రోజు చాలదు, ఆరోజే కూతురు ఫోను చేసినా, కరెంటు పోయినా లెక్క తప్పుతుంది. ‘బాగున్నారు’, ‘దిగులుగా ఉన్నారు’ వంటి మాటలు రాయకూడదు. కంటికి కనబడింది మాత్రమే రాయాలి.

87లో 64 సార్లు ఒంటరిగా ఉన్నారు. 12 సార్లు మనుషుల మధ్య ఉన్నా మాట లేదు. 9 సార్లు సిబ్బందితో మాట, అందులో ఎనిమిది మాత్రలు, స్నానం, పక్క గురించే. తోటివాళ్లతో మాట్లాడింది రెండంటే రెండు సార్లు.

మొత్తం చార్టులో విలువైనవి ఆ రెండే. రెండూ పొద్దున ఆరున్నరకు, వరండాలో టీ ఇచ్చే వేళ. రెండుసార్లూ ఒకే మనిషితో: నల్గొండ వైపు తెలుగు టీచరుగా చేసి రిటైరైన 81 ఏళ్ల ఆవిడ. ఆవిడ అడిగింది ఒకటే, “ఇయ్యాల ఏ వారం?” కంటి రెటీనా మధ్య భాగం దెబ్బతిన్నందువల్ల క్యాలెండరులో అంకె ఆవిడకు కనబడదు. పిన్నిగారు చెప్పారు.

మిగతా 36 మంది మాట వినపడని మనిషికి ఈవిడ మాట ఎలా వినపడింది? వెళ్లి చూస్తే తేలింది. టీచరుగారి కుర్చీ పిన్నిగారికి కుడి పక్కన, మూరెడు దూరంలో ఉంది. ఆ వేళ ఫ్యాన్లు లేవు, టీవీ లేదు. పైగా ఏళ్ల తరబడి క్లాసులో పాఠం చెప్పిన గొంతు. గట్టిగా అరవరు, నోరు తెరిచి ఒక్కొక్క మాటా విడగొట్టి పలుకుతారు. చెవి తగ్గినవాళ్ల దగ్గర మనం గొంతు పెంచి కీచుగా అరుస్తాం. వయసుతో ముందు పోయేది ఆ కీచు శబ్దాలను పట్టే శక్తే. అందుకే అరిచినకొద్దీ అర్థం కాదు, కోప్పడుతున్నామని మాత్రం అనిపిస్తుంది.

చెవి

అల్మారాలో బట్టల కింద మిషను డబ్బా దొరికింది. ఎందుకు పెట్టుకోవడం లేదంటే “కూస్తుంది” అన్నారు. బరువు తగ్గినప్పుడు చెవి చుట్టూ కండ కూడా తగ్గుతుంది, మిషనుకు ఉండే పాత అచ్చు (చెవి ఆకారానికి తగ్గట్టు పోసిన ముక్క) వదులవుతుంది, సందులోంచి శబ్దం బయటికి వచ్చి మళ్లీ మైకులో పడి కీ... మంటుంది. దానికి తోడు కుడి చెవి నిండా గుబిలి. కర్ణభేరికి రంధ్రం లేదని డాక్టరు చూసి నిర్ధారించాక ఐదు రోజులు చుక్కల మందు వేసి, చెవి కడిగారు. తర్వాత కొత్త అచ్చు తీయించారు. ఈ వరస తప్పకూడదు. గుబిలి ఉండగా అచ్చు తీస్తే అదీ సరిపోదు.

మిషను వాడకంలో ఎక్కువగా జరిగే పొరపాట్లు సిబ్బంది గదిలో రాసి అంటించారు. బ్యాటరీ 13 నంబరు, నారింజ రంగు స్టిక్కరుది. స్టిక్కరు తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలికి ఉంచి అప్పుడు బిగించాలి, ఆ బ్యాటరీ గాలితోనే పనిచేస్తుంది. ఒకసారి స్టిక్కరు తీస్తే మళ్లీ అంటించి దాచుకోవడం కుదరదు. వారం నుంచి రెండు వారాలు వస్తుంది. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో పెట్టాలి. స్నానానికి ముందు తీయాలి. తలకు నూనె రాసే రోజు అచ్చుకు నూనె అంటకుండా చూడాలి. మొదటి వారం రోజుకు గంట, అదీ గదిలో, ఒక్కరితో మాట్లాడేటప్పుడే. రెండో వారం వరండాలో. మూడో వారం గానీ భోజనాల హాలుకు తీసుకెళ్లలేదు. మొదటిరోజే హాల్లో పెడితే స్టీలు కంచాల మోతకు ఎవరైనా తీసి పారేస్తారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పి తీరాలి. నవంబరులో నర్సు దిగులును కొలిచే 15 ప్రశ్నల జీడీఎస్ పరీక్ష చేసింది. 10 వచ్చింది. 5 దాటితే డిప్రెషన్ అనుమానించాలి, 10 అంటే గట్టి అనుమానమే. కాగితం మళ్లీ చూస్తే పదిహేనింటికీ ‘అవును’ అనే ఉంది. ఆ పరీక్షలో పది ప్రశ్నలకు ‘అవును’ అంటే, ఐదింటికి ‘కాదు’ అంటే మార్కు పడుతుంది. అన్నింటికీ ‘అవును’ అంటే సరిగ్గా 10 వస్తుంది. ఆవిడ ప్రశ్నలు వినలేదు, మర్యాదకు తలూపారు. చెవి బాగయ్యాక, తలుపు వేసి, ఎదురుగా కూర్చుని మళ్లీ అడిగితే 7 వచ్చింది. అది పట్టించుకోవాల్సిన అంకే. డాక్టరు ఆరు వారాలు చూసి అవసరమైతే మందు మొదలుపెడదామన్నారు, ప్రతి వారం వచ్చి చూశారు. చెవి చూడకుండా వినికిడి తక్కువ ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చేయొద్దు.

బల్ల

భోజనాల హాల్లో పన్నెండేసి మంది కూర్చునే పొడుగు బల్లలు ఉండేవి. రెండిటిని తీసి, మూడడుగుల చదరపు బల్లలు ఆరు వేశారు, నలుగురికి ఒకటి. పొడుగు బల్ల దగ్గర ఎదుటి మనిషి పెదవులు కనబడవు, పక్కమనిషి మాట సగమే అందుతుంది. పిన్నిగారి కుర్చీ గోడకు వీపు ఆనేలా, కంచాలు కడిగే తొట్టికి దూరంగా. కుడి పక్కన టీచరుగారు. లైటు టీచరుగారి ముఖం మీద పడాలి, వెనక నుంచి రాకూడదు. కుర్చీలకు చేతులుండాలి, ఎత్తు 18 అంగుళాలు. అంతకన్నా తక్కువైతే మోకాళ్లు నొప్పున్నవాళ్లు లేవడానికి భయపడి రావడమే మానేస్తారు. బల్ల మీద రెక్సిన్ కింద మందపాటి నూలు దుప్పటి మడత పరిచారు. చప్పుడు ఎంత తగ్గిందంటే, వంటింట్లో కుక్కరు కూత కొత్తగా వినబడటం మొదలైంది.

బల్లకు నలుగురిని ఎంచేటప్పుడు ఒక్కటే సూత్రం: బాగా మాట్లాడే మనిషి ఒకరే ఉండాలి. ఇద్దరుంటే మిగతా ఇద్దరూ నోరు మూసుకుంటారు.

అన్నిటికన్నా పనిచేసింది గిన్నెలు. అంతకుముందు ఆయాలే కంచంలో అన్నీ వడ్డించి ముందు పెట్టేవాళ్లు. జైల్లో పెట్టినట్టు అనకూడదు గానీ, కంచం ముందుకొచ్చాక ఇంకొకరిని ఏమీ అడిగే పనే ఉండదు. ఇప్పుడు అన్నం, పప్పు, కూర చిన్న గిన్నెల్లో, మజ్జిగ చెంబులో బల్ల మీదే ఉంటాయి. మన ఇళ్లలో కొసరి వడ్డించడం కన్నా పెద్ద పలకరింపు ఏముంది? “ఇంకో గరిటె వేసుకోండి” అనడానికి ఒక కారణం దొరికింది. జాగ్రత్తలు కొన్ని. మజ్జిగ చెంబు అర లీటరుది, అదీ సగమే నింపాలి, మణికట్టు నొప్పులున్నవాళ్లు వంచగలగాలి. వేడి చారు మాత్రం ఆయానే పోస్తుంది. టీచరుగారికి షుగరు ఉంది కాబట్టి ఆవిడ అన్నం ముందే కప్పుతో కొలిచి వేరే గిన్నెలో పెడతారు. బీపీ ఉన్నవాళ్లున్న బల్ల మీద ఆవకాయ జాడీ ఉంచరు, చెంచాతో వడ్డిస్తారు.

మొదటి వారం ఇది దాదాపు చెడింది. ఎనిమిదింటికి ఆయాల డ్యూటీ మారుతుంది. ఏడున్నరకు భోజనం మొదలైతే ఏడూ యాభైకల్లా కంచాలు లాగేసేవాళ్లు. మాట మొదలయ్యేది తిన్నాకే. భోజనం ఏడుంబావుకు జరిపి, కంచాలు కడిగే పని రాత్రి డ్యూటీకి మార్చారు. నలభై ఐదు నిమిషాలు దొరికాయి.

మూడో రోజో నాలుగో రోజో పుంటికూర పప్పు వచ్చింది. “గోంగూరండీ ఇది” అని పిన్నిగారు, “మా దిక్కు పుంటికూర అంటరు” అని టీచరుగారు. అక్కణ్ణుంచి పచ్చిపులుసులోకి ఉల్లిపాయ ఎప్పుడు వేయాలన్న దాకా వెళ్లింది. ఆ రాత్రి బల్ల దగ్గర్నుంచి లేచేసరికి ఎనిమిదిన్నర.

పేపరు

టీచరుగారికి చూపు మధ్యలో ఏమీ కనబడదు, అంచుల్లో కనబడుతుంది. అందుకని మనిషిని చూడాలంటే ముఖం కాస్త పక్కకు తిప్పుతారు. పిన్నిగారికి అది నిర్లక్ష్యంలా తోచింది. “మొహం తిప్పుకుని మాట్లాడతారేంటో” అని ఆయాతో అన్నారు. టీచరుగారి అనుమతి తీసుకుని, ఇద్దరూ ఉండగానే ఆ సంగతి చెప్పారు. అప్పటికే మాటలు కుదిరాయి కాబట్టి సరిపోయింది. చెప్పకపోతే చిన్న అపార్థంతో అంతా పోయేది.

పేపరు చదివించాలన్న ఆలోచన టీచరుగారిదే. చదవడానికి చెవి అక్కర్లేదు, వినడానికి కన్ను అక్కర్లేదు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదింబావు దాకా వరండాలో. పిన్నిగారు వేలు అక్షరాల కింద నడుపుతూ, పెద్ద ఒత్తు వచ్చినచోట ఆగి, కూడబలుక్కుని చదువుతారు. టీచరుగారు కళ్లు మూసుకుని వింటారు. “ఉపముఖ్యమంతిరి” అని పడితే కళ్లు తెరవకుండానే చెయ్యి చాచి పిన్నిగారి మోకాలు తడతారు. పిన్నిగారు తలెత్తి పెదవులు చూస్తారు. టీచరుగారు మళ్లీ పలికి చూపిస్తారు. ఈవిడ మళ్లీ చదువుతారు. ఇందులో సాయం చేసేది ఒకరు, తీసుకునేది ఒకరు కాదు, ఒకరికి శ్రోత దొరికారు, ఇంకొకరికి పంతులమ్మ దొరికారు. జోడీలు కుదిర్చేటప్పుడు చూడాల్సింది ఇదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను మంచంలో ఉన్నవాళ్లకు ‘తోడు’గా వేస్తే అది రెండు వారాల్లో డ్యూటీ అయిపోతుంది.

జనవరి చివరికి పిలుపులు మారాయి. ‘ఏవండీ’, ‘టీచరుగారూ’ పోయి ఇద్దరూ ఒకరినొకరు ‘వదినగారూ’ అనుకోవడం మొదలైంది. స్నేహం ముదిరిందా లేదా తెలుసుకోవడానికి ఆశ్రమాల్లో ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. సిబ్బంది కూడా అందరినీ కట్టగట్టి ‘మామ్మా’ అనడం మానేసి, ఎవరు ఏమని పిలిపించుకోవాలనుకుంటారో అడిగి మంచం దగ్గర రాసిపెట్టారు.

వత్తులు

పక్కనున్న శివాలయానికి శివరాత్రికి వత్తులు కావాలన్నారు. పత్తిలో గింజ, చెత్త ఏరి పాయలు విడదీయడం పిన్నిగారి పని, కళ్లు కావాలి కాబట్టి. వేళ్లకు కాస్త విభూతి అద్దుకుని అరచేతుల మధ్య పాముతూ వత్తి చేయడం టీచరుగారి పని, దానికి చేతి స్పర్శ చాలు. ఇప్పుడు కార్తీక పున్నమికి వెలిగించే 365 వత్తుల కట్టలు ముందు నుంచే చేసి పెడుతున్నారు. ఇరవై నిమిషాలు చేశాక వేళ్లు చాపి ముడుస్తూ ఐదు నిమిషాలు ఆగాలి. గుడికి వెళ్లని వాళ్లకు, వేరే మతం వాళ్లకు అదే బల్ల మీద చిక్కుడుకాయల ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం. ఏదైనా నిజంగా వాడే పనే అయి ఉండాలి. పప్పులూ గింజలూ కావాలని కలిపి ఏరమని ఇచ్చే ‘యాక్టివిటీ’ పెద్దవాళ్లు ఇట్టే పసిగడతారు, చిన్నబుచ్చుకుంటారు.

డల్లాస్ గడియారం

రాత్రి భోజనం ఎందుకు మానారో తేలింది చార్టు వల్ల కాదు, తేదీల వల్ల. అక్టోబరు దాకా రాత్రి భోజనానికి వచ్చేవారు, కాస్త తిని వెళ్లేవారు. ఆగింది నవంబరు మొదటి వారంలో. కొడుకు రోజూ అక్కడి ఉదయం ఎనిమిదింటికి వాట్సాప్‌లో వీడియో కాల్ చేస్తారు. వేసవి కాలమానంలో అది మనకు సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. దాంతో అదే కాల్ 7:30కి, సరిగ్గా భోజనం వేళకు రావడం మొదలైంది. ఫోను తప్పిపోతుందేమోనని ఆవిడ గది వదిలేవారు కాదు. ఫోను అయ్యేసరికి హాలు ఖాళీ. గదికి పంపిన కంచం చల్లారిపోయి ఉండేది.

కొడుకుకు మెయిల్ రాస్తే ఆ రోజునుంచే ఏడింటికి మార్చుకున్నారు, మనకు 6:30. కానీ మార్చి రెండో ఆదివారం మళ్లీ గంట ముందుకు జరుగుతుంది, అప్పుడు కాల్ ఐదున్నరకు వచ్చి సాయంత్రం నడకను మింగేస్తుంది. అందుకని ఆ రెండు ఆదివారాలూ ఆఫీసు క్యాలెండరులో ఎర్ర సిరాతో రాసుకుని, పిల్లలు అమెరికాలో ఉన్న వాళ్లందరి ఇళ్లకూ వారం ముందే మెసేజ్ పెడుతున్నారు.

చిక్కులు

పేపరు చదివే గొంతు పెరిగింది. పక్క గది ఆయన కోప్పడ్డారు. ఆయనది తప్పు కాదు, ఆయనకు ఆ వేళ కునుకు. వేప చెట్టు కింద అరుగు మీదికి కుర్చీలు మార్చారు. ఫిబ్రవరిలో పిన్నిగారు టీచరుగారికి రెండు వేలు అప్పిచ్చారు, అది కూతురికి తెలిసి ఫోను చేసి నిలదీసింది. ఆశ్రమంలో డబ్బు చేబదుళ్లు వద్దని చేరే రోజే చెప్పాల్సింది, ఆ పని జరగలేదు. ఆఫీసు ద్వారా తిరిగి ఇప్పించి, కూతురితో విడిగా మాట్లాడారు. ఇద్దరి మధ్యా ఆ ప్రస్తావన తేలేదు.

మార్చి చివర్లో మళ్లీ మూడు రోజుల చార్టు: 87లో ఒంటరిగా 41, తోటివాళ్లతో మాట 26. ఒంటరి సమయం సున్నా కావాలని చూడొద్దు, మధ్యాహ్నం నిద్ర, జపం అందులోనే ఉన్నాయి. బరువు 50.4. జీడీఎస్ 3. మందు అవసరం పడలేదు.

టీచరుగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు

ఏప్రిల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరంతో టీచరుగారిని రాత్రికి రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆరు రోజులు. అంతకుముందు ఈ ఆశ్రమంలో పద్ధతి వేరు. ఎవరైనా పోతే తెల్లవారేలోపు పంపేసి, పక్క మార్చి, అడిగినవాళ్లకు ‘ఊరెళ్లారు’ అని చెప్పేవాళ్లు. పెద్దవాళ్లను కాపాడుతున్నామనుకునేవాళ్లు. నిజానికి ప్రతి ఒక్కరికీ అర్థమైపోయేది, అడిగితే అబద్ధం చెబుతారని కూడా.

ఈసారి పొద్దున ఆరింటికే నర్సు వెళ్లి, మిషను పెట్టించి, పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రోజూ పదింటికి రెండు నిమిషాల వీడియో కాల్. రెండో రోజు పిన్నిగారు ఫోను ముందు పేపరు పట్టుకుని హెడ్డింగులు చదివారు. బల్ల దగ్గర ఆ కుర్చీలో ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు.

టీచరుగారు తిరిగొచ్చాక ఇద్దరినీ విడివిడిగా అడిగి, ఇద్దరి ఫైళ్లలో ఒక కాగితం చేర్చారు. వదినగారికి ఏమైనా అయితే నాకు ఎవరు చెప్పాలి, ఎంతసేపట్లో చెప్పాలి, చివరి చూపుకు తీసుకెళ్లాలా వద్దా, ఆ కుర్చీ ఎన్నాళ్లు ఖాళీగా ఉంచాలి. పిన్నిగారు మొదటి మూడింటికి వెంటనే జవాబు చెప్పారు. నాలుగోదానికి, “పదకొండో రోజు దాకా ఉంచండి, తర్వాత నన్నడిగి ఎవర్నైనా కూర్చోబెట్టండి” అన్నారు. అలాగే రాసుకున్నారు.